ట్రాప్‌లో కుడివైపు క్లేలు పోతున్నాయి: కోచ్ దగ్గరికి వెళ్లే ముందు ఏం చూసుకోవాలి?

కుడికోణం:

ఒలింపిక్ ట్రాప్ ఆడుతున్నాను, అంటే ముందున్న గోతిలోంచి ఎగిరే పళ్లెంలాంటి క్లేలను షాట్‌గన్‌తో పగలగొట్టే ఆట. కుడిచేతి వాటం, 12 బోర్ ఓవర్ అండర్ (ఒకదాని మీద ఒకటి రెండు బారెళ్లు), 24 గ్రాముల లోడ్ (కార్ట్రిడ్జ్‌లో రవ్వల బరువు). స్కోరు 25కి 16, 17 దగ్గరే తిరుగుతోంది. పోతున్నవాటిలో ఎక్కువ కుడివైపు కోసుకుపోయే క్లేలు, అందులోనూ నిలబడి పేల్చే ఐదు స్టేషన్లలో 4, 5 దగ్గర. ఎడమవైపువి, నడిమివి పర్వాలేదు. రేంజ్‌లో పక్కన నిలబడ్డవాళ్లంతా ఒకటే మాట: "వెనక కొడుతున్నావు, ఇంకా ముందు పట్టు." ముందు పడితే రెండు పగులుతాయి, మూడోది మళ్లీ అలాగే పోతుంది.

అందుకే డబ్బు పెట్టి మంచి కోచ్ దగ్గర నేర్చుకుందామని ఉంది. మంచి కోచో కాదో మొదటి క్లాసులోనే తెలుసుకోవడం ఎలా? ఒక క్లాసుకు ఎన్ని కార్ట్రిడ్జ్‌లు పట్టుకెళ్లాలి, క్లాసుకూ క్లాసుకూ మధ్య ఎంత ఎడం ఉండాలి? స్టాక్ (భుజానికి, చెంపకి ఆన్చే తుపాకీ వెనక భాగం) ముందే సరిచేయించుకుని వెళ్లాలా, కోచ్ చూశాక చేయించాలా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పాతరిబ్:

వెనక కొట్టావని చెప్పడానికి కోచ్ అక్కర్లేదండీ. ఎందుకు వెనకపడిందో చెప్పడానికి కావాలి. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో బారెల్ ఆగిపోయినా, చూపు క్లే మీద నుంచి బారెల్ చివరి పూస మీదికి వచ్చినా, నడుము తిరగడం ఆగి చేతులతో తోసినా, రెండో కన్ను పెత్తనం చేసినా బయటికి కనిపించేది ఒకటే: క్లే చెక్కుచెదరకుండా పోతుంది. కానీ ఒక్కోదానికి మందు వేరు. బారెల్ ఆగిపోతున్నవాడికి "ఇంకో అర మీటరు ముందు పట్టు" అంటే ఆ దూరం కొలుచుకోవడానికి పూస వైపు చూస్తాడు, దాంతో బారెల్ ఇంకా ముందే ఆగుతుంది. మీకు రెండు పగిలి మూడోది పోవడం వెనక సరిగ్గా ఇదే ఉండొచ్చు.

మొదటి క్లాసులో గమనించాల్సింది చెప్తాను. బాగా తెలిసిన కోచ్ మొదటి పావుగంట, ఇరవై నిమిషాలు ఒక్క కార్ట్రిడ్జ్ కూడా పేల్చనివ్వరు. తుపాకీ తెరిచి ఖాళీగా ఉందని తామూ చూసి, మీ చేతా చూపిస్తారు. మెడ, భుజం, నడుము నొప్పులున్నాయా, కళ్లజోడు వాడతారా అని అడుగుతారు. ఏ కన్ను పెత్తనం చేస్తోందో పరీక్షిస్తారు. ఖాళీ తుపాకీని పదిసార్లు భుజానికి ఎత్తిస్తారు. కొన్నిసార్లు కళ్లు మూసుకుని ఎత్తి, చెంప ఆనాక తెరవమంటారు. తెరిచిన క్షణంలో కన్ను రిబ్‌కి (బారెల్ మీది పొడుగాటి పట్టీ) సరిగ్గా వెనక లేకపోతే సంగతి అక్కడే తేలిపోతుంది.

తర్వాత ఒకే కోణంలో వచ్చే తేలిక క్లేలు ఓ పది వేయిస్తారు. ఆ సమయంలో కోచ్ ఎక్కడ నిలబడ్డారో, ఎటు చూస్తున్నారో చూడండి. కుడిచేతి వాటమైతే మీ కుడి భుజం వెనక నిలబడి బారెల్ వెంట చూస్తారు. వెలుతురు అనుకూలంగా ఉంటే సీసం రవ్వల గుంపు బూడిదరంగు మసకలా ఒక్క లిప్తపాటు కనిపిస్తుంది, అది క్లేకి ఎటు పోయిందో అనుభవం ఉన్న కన్ను పట్టేస్తుంది. కొందరు ప్లాస్టిక్ వాడ్‌ని (కార్ట్రిడ్జ్‌లో రవ్వలను పట్టి ఉంచే గిన్నె) చూసి చెప్పేస్తారు, అది నమ్మకండి. వాడ్ తేలిక, గాలికి త్వరగా వెనకపడుతుంది, దారి కూడా తప్పుతుంది. ఇంకో సంగతి, మంచి కోచ్ చూపు చాలాసార్లు క్లే మీద ఉండదు. మీ తల మీద, బారెల్ మూతి మీద, ముందు మోకాలి మీద ఉంటుంది. ప్రతి షాట్‌కీ తల తిప్పి క్లే పగిలిందా లేదా అని మాత్రమే చూసేవారికి ఫలితమే తెలుస్తుంది, అది మీకూ తెలుసు.

ఒక క్లాసులో ఒక మార్పు, మహా అయితే రెండు. అడుగులు, బారెల్ పట్టే చోటు, స్టాక్ ఎత్తు, పద్ధతి అన్నీ ఒకేరోజు మార్చేస్తే ఏది పనిచేసిందో ఆయనకీ తెలియదు, మీకూ తెలియదు. అలాంటప్పుడు రెండో క్లాసుకు డబ్బు కట్టే ముందు ఆలోచించండి.

కోచ్‌ని మాట్లాడుకునే ముందు ఆయన ప్రధానంగా ఏ ఈవెంట్ నేర్పిస్తారో అడగండి. ఇది చాలామంది అడగరు. ఒలింపిక్ ట్రాప్‌లో గోతిలో క్లేలు విసిరే 15 యంత్రాలు, ఒక్కో స్టేషన్‌కి మూడు. ఆ మూడింట్లో ఏది వస్తుందో తెలియదు, తుపాకీ ముందే భుజానికి ఆనించి క్లే కోసం పిలుస్తాం. స్కీట్ అనే ఇంకో షాట్‌గన్ ఈవెంట్‌లో క్లే దారి ముందే తెలుసు. కానీ ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నియమం ప్రకారం క్లే కనిపించేదాకా స్టాక్ కింద, జాకెట్ మీది పట్టీ దగ్గరే ఉండాలి, పిలిచాక క్లే మూడు సెకన్ల దాకా ఆలస్యంగా రావచ్చు. రెండూ షాట్‌గనే అయినా కంటికి, చేతికి పని వేరు. స్కీట్‌లో గొప్పగా నేర్పేవారు మీ 5వ స్టేషన్ సమస్యని పట్టుకోలేకపోవచ్చు.

సర్టిఫికెట్ ఉంటే మంచిదే. ఐఎస్‌ఎస్‌ఎఫ్ అకాడమీ డి నుంచి ఏ దాకా కోచ్ లైసెన్సులు ఇస్తుంది, చాలా దేశాల సమాఖ్యలకు సొంత స్థాయులు ఉన్నాయి. కానీ దానికన్నా గట్టి పరీక్ష ఒకటుంది. వాళ్లిద్దరి అనుమతీ తీసుకుని, ఆయన ఇంకొకరికి చెప్పే క్లాసు దూరం నుంచి ఒక గంట చూడండి. నేర్చుకునేవారు తప్పిన ప్రతిసారీ కోచ్ నోట ఒకే వాక్యం వస్తోందా, లేక ప్రశ్న వస్తోందా? "పేల్చినప్పుడు నీకేం కనిపించింది?" అని అడిగే కోచ్ దొరికితే వదలకండి. పెద్ద పతకాలున్న షూటర్లందరూ మంచి కోచ్‌లు కారు. వాళ్ల చేతికి తెలిసింది నోటితో చెప్పలేనివాళ్లు ఎక్కువ.

గంట క్లాసుకు 50 నుంచి 75 కార్ట్రిడ్జ్‌లు చాలు. వంద దాటితే భుజం అలసి, తుపాకీ తన్ను కోసం ఒళ్లు ముందే బిగుసుకుంటుంది. నేర్చుకున్నది అక్కడే చెడుతుంది. క్లాసుల మధ్య మూడు నాలుగు వారాలు ఉంచండి. పది క్లాసులకు ఒకేసారి కట్టకండి, మూడు తీసుకుని అప్పుడు నిర్ణయించుకోండి.

ప్లేట్‌దగ్గర:

పాతరిబ్ గారు చెప్పినవన్నీ సరే. స్టాక్ సంగతి నేను చెప్తాను.

ముందు కన్ను. రెండు చేతులూ చాచి, అరచేతులు కలిపి మధ్యలో చిన్న త్రికోణం సందు ఉంచండి. రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న వస్తువును అందులోంచి చూస్తూ చేతుల్ని మెల్లగా ముఖం దగ్గరికి తెచ్చుకోండి. సందు ఏ కంటి ముందుకు వస్తే ఆ కన్నే పెత్తనం చేస్తున్నట్టు. ఇది ఒకసారి చేసి వదిలేయకండి. ఉదయం, సాయంత్రం, రౌండ్ పూర్తయి కళ్లు అలసిన తర్వాత కూడా చూడండి. కొందరికి మొదటి పది క్లేల దాకా కుడి కన్ను బాగానే ఏలుతుంది, అలసట రాగానే ఎడమది దూరుతుంది. రౌండ్ చివర్లోనే ఎక్కువ పోతుంటే ఇది అనుమానించాలి.

అలా తేలితే తేలిక చికిత్స కళ్లజోడు ఎడమ అద్దం మీద చుక్క. 10 నుంచి 15 మిల్లీమీటర్ల గుండ్రటి మసక టేపు ముక్క. ఖాళీ తుపాకీని ఇద్దరు చూసి నిర్ధారించుకున్నాక మీరు భుజానికి ఎత్తి రిబ్ వెంట చూడండి, అవతలివారు పక్కన నిలబడి టేపును అతికించి జరుపుతుంటారు. ఎడమ కంటికి పూస కనిపించకుండా పోయిన చోటే దాని స్థానం. అద్దం నడిబొడ్డున అంటిస్తే పనిచేయదు, ఎందుకంటే చెంప ఆన్చినప్పుడు తల ముందుకు వంగి, చూపు అద్దం పైభాగంలోంచి, ముక్కు వైపుగా పోతుంది. మొత్తం అద్దాన్ని మూసేస్తే పక్కచూపు పోతుంది, క్లే గోతిలోంచి ఎటు లేచిందో ఆలస్యంగా తెలుస్తుంది.

ఇక స్టాక్. షాట్‌గన్‌కి వెనక సైట్ మీ కన్నే. కోంబ్ (చెంప ఆన్చే స్టాక్ పైఅంచు) ఎత్తు మారితే సైట్ మారినట్టే. ప్లేట్ (రవ్వలు ఎక్కడ పడ్డాయో తెలియడానికి కొట్టే పలక) మీద చూసే లెక్క ఇది: 16 గజాలు, అంటే 14.6 మీటర్ల దూరంలో రవ్వల గుంపు నడిమి భాగం ఒక అంగుళం కింద పడుతుంటే, కోంబ్ అంగుళంలో పదహారో వంతు, దాదాపు 1.6 మిల్లీమీటర్లు పైకి లేపాలి. పక్కలకీ అదే లెక్క. ఒకే గుర్తు మీద కనీసం ఐదారు షాట్లు కొట్టి, ఆ గుత్తుల నడిమిని చూడాలి, ఒక్క షాట్‌తో తేల్చకూడదు. గుర్తు పెట్టుకుని నిదానంగా రైఫిల్‌లా గురిపెడితే కూడా లాభం లేదు. ఎత్తి, చెంప ఆన్చి, వెంటనే పేల్చాలి. ట్రాప్ తుపాకీ కొద్దిగా పైకి కొట్టడం మామూలే, క్లే లేస్తూ ఉంటుంది కాబట్టి. రవ్వల్లో 60 శాతం గుర్తుకు పైన, 40 కింద అనేది చాలామంది పెట్టుకునే అమరిక, కొందరికి 70-30 నచ్చుతుంది.

అదే లెక్కని తిరగేస్తే చెంప లేస్తే ఏమవుతుందో తెలుస్తుంది. పేల్చే క్షణంలో కన్ను 5 మిల్లీమీటర్లు పైకి లేచిందనుకోండి. 35 మీటర్ల దగ్గర రవ్వల గుంపు దాదాపు 20 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. క్లే వెడల్పు 11 సెంటీమీటర్లే. ట్రాప్ చోక్‌లు (రవ్వల్ని గుంపుగా ఉంచే బారెల్ మూతి ఇరుకు) బిగువుగా ఉంటాయి కాబట్టి ఆ తేడా క్లేని పొడి చేయడానికీ అంచు గీరి వదిలేయడానికీ మధ్య తేడా.

నా సలహా, క్లాసులకు వెళ్లే ముందే ఫిట్టింగ్ (స్టాక్‌ని మీ ఒంటికి కొలిచి సరిచేయడం) చేయించుకోండి. సరిపడని స్టాక్‌తో ఎంత నేర్చుకున్నా దానికి తగ్గట్టు మెడ వంచడమే నేర్చుకుంటారు.

ఐదోస్టేషన్:

ప్లేట్‌దగ్గర గారితో చివరి మాట దగ్గర ఒప్పుకోలేను. ఎత్తిన ప్రతిసారీ స్టాక్ ఒకే చోట కూర్చోకపోతే దేనికని కొలుస్తారు? ఒకసారి భుజం గుంటలో, ఒకసారి చేతి కండ మీద ఆనితే, ఫిట్టర్ కొలిచింది ఆ రోజు మౌంట్‌నే, అంటే ఆ రోజు తుపాకీ ఎత్తి ఆన్చిన తీరునే. కోచ్‌తో రెండు క్లాసులు మౌంట్ మీద పనిచేసి, పదికి తొమ్మిదిసార్లు చెంప అదే చోట ఆనాక స్టాక్ కోయించండి, వంచించండి. ఈలోగా కోంబ్ మరీ తక్కువైతే దాని మీద పొరలు పొరలుగా టేపో, అతికించే స్పాంజ్ పట్టీయో వేసి ఎత్తు పెంచి చూడొచ్చు. చెక్క కోస్తే మళ్లీ రాదు, టేపు పీకేయొచ్చు.

ఇప్పుడు మీ కుడివైపు క్లేలు. కుడిచేతి వాటంవారికి తుపాకీ ఎడమకు తిరిగితే స్టాక్ చెంపలోకి వస్తుంది, కుడికి తిరిగితే చెంప నుంచి దూరం పోతుంది. కాబట్టి ఎడమవి పగిలి కుడివి పోతున్నాయంటే నేను మొదట చూసేది పాదాలు. 1వ స్టేషన్‌లో నిలబడ్డట్టే 5లో కూడా నిలబడితే, కుడి చివరి కోణం వచ్చేసరికి నడుముకు తిరిగే చోటు అయిపోతుంది. అప్పుడు భుజం వాలుతుంది, బారెల్ అడ్డంగా పోవాల్సింది విల్లులా కిందికి వంగుతుంది, దాన్ని నిలబెట్టడానికి చేతులు తోస్తాయి, చెంప ఊడుతుంది.

సరిచూసుకోవడం సులువు. 5వ స్టేషన్‌లో ఖాళీ తుపాకీతో, కుడివైపు చివరి క్లే పగలాల్సిన చోటుకి ముందుగా గురిపెట్టి నిలబడండి, పాదాలు అక్కడ సుఖంగా ఉండేలా సర్దుకోండి. ఇప్పుడు పాదాలు కదపకుండా నడుముతో వెనక్కి తిరిగి గోతి మీద పట్టే చోటుకి రండి. ఒంట్లో ఇప్పుడు కాస్త బిగువు ఉంటుంది, క్లే వెంట తిరిగేకొద్దీ వదులవుతుంది. ఇప్పటిదాకా మీకు జరుగుతున్నది దీనికి తలకిందులై ఉంటుంది: మొదట్లో వదులు, చివర్లో బిగువు. ముందు పాదం మీద కొద్దిగా ఎక్కువ బరువు, ముందు మోకాలు ఇంచుక సడలించి ఉంచండి. బరువు వెనక మడమ మీద ఉంటే నడుము తిరగదు, భుజాలే తిరుగుతాయి.

రెండోది, బారెల్ ఎక్కడ పట్టుకుంటున్నారు, కళ్లు ఎక్కడ పెడుతున్నారు అనేది. ఈ రెండూ ఒకే చోటు అనుకునేవాళ్లు చాలామంది. బారెల్ గోతి అంచు గుర్తు మీద, చూపు దానికి కాస్త పైన, ఒక వస్తువు మీద గుచ్చకుండా విశాలంగా వదిలేసి ఉండాలి. బారెల్ మీద చూపు పెట్టి పిలిస్తే క్లే మొదట ఒక చారలా కనిపిస్తుంది. చారని చూసి తుపాకీ ఉలిక్కిపడి కదులుతుంది, కళ్లు తర్వాత క్లేని అందుకుంటాయి, అప్పటికి క్లే దూరమైపోతుంది. క్లే గుండ్రటి అంచు కంటికి స్పష్టంగా దొరికేదాకా బారెల్ కదపకూడదు. ఆలస్యమవుతుందని భయమేస్తుంది. కానీ తొందరపడి బయల్దేరిన బారెల్ తప్పు దారిలో పోయి, వెనక్కి తిరిగి రావడానికి పట్టే సమయమే ఎక్కువ.

కుడికోణం:

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. 5వ స్టేషన్‌లో పాదాల సంగతి చదువుతుంటేనే, నేను అన్ని స్టేషన్లలో ఒకేలా నిలబడుతున్నానని అర్థమైంది. ఇంకో రెండు ప్రశ్నలు. క్లాసుల మధ్య మూడు నాలుగు వారాలంటే ఆ రోజుల్లో ఏం సాధన చేయాలి? తన్ను కోసం ఒళ్లు ముందే బిగుసుకోవడం గురించి రాశారు కదా, అది నాకుందో లేదో ఎలా తెలుస్తుంది?

పాతరిబ్:

రెండో ప్రశ్న ముందు, ఎందుకంటే దాన్ని కోచ్ పదే పది నిమిషాల్లో తేల్చేస్తారు. స్నాప్‌క్యాప్‌లు, అంటే మందు లేని డమ్మీ కార్ట్రిడ్జ్‌లు తీసుకెళ్లండి. తుపాకీలో పెట్టేది కోచ్, మీరు చూడకూడదు. కొన్నిసార్లు అసలుది, కొన్నిసార్లు డమ్మీ. డమ్మీ వచ్చినప్పుడు టక్‌మని చప్పుడు తప్ప ఏమీ ఉండదు, అప్పుడు బారెల్ మూతి ఎటు పోయిందో కోచ్ చూస్తారు. క్లే వెంట సాఫీగా సాగిపోతే మీకా జబ్బు లేదు. మూతి ఒక్కసారిగా కిందికి కుంగినా, ముందు చెయ్యి బిగుసుకుని బారెల్ ఆగినా ఉన్నట్టే. దానికి మందు: 21 గ్రాముల తేలిక లోడ్, చెవులకు ఇయర్‌ప్లగ్ పెట్టి దాని మీద ఇయర్‌మఫ్ కూడా, రౌండ్ల సంఖ్య తగ్గించడం, స్టాక్ భుజం గుంటలో పూర్తిగా ఆనేలా మౌంట్ సరిచేయడం. ఒళ్లు బిగుసుకునేది తన్ను ఒక్కదానికే కాదు, చప్పుడుకి కూడా. చెవుల సంగతి చాలామంది పట్టించుకోరు.

డమ్మీ వచ్చినప్పుడు తుపాకీ ఒక నియమం ప్రకారమే తెరవాలి: టక్ అన్నాక మూతి రేంజ్ వైపే ఉంచి ఓ ముప్పై సెకన్లు ఆగి, అప్పుడు తెరవండి. ఎప్పుడైనా అసలు కార్ట్రిడ్జ్ ఆలస్యంగా పేలితే ఈ అలవాటే కాపాడుతుంది.

సాధన ఇంట్లో రోజూ పది నిమిషాలు చాలు. కార్ట్రిడ్జ్‌లు వేరే గదిలో, తాళం లోపల. తుపాకీ తెరిచి, గొట్టాల్లోంచి వెలుతురు చూసి, అప్పుడు మొదలు. బారెల్‌లో బిగువుగా కూర్చునే చిన్న టార్చ్ పెట్టుకోండి. గోడ, పైకప్పు కలిసే గీత వెంట ఆ వెలుగు చుక్క సాగేలా మౌంట్ చేస్తూ తిరగండి. చుక్క గీత మీద నుంచి కిందికి జారిందా, ఐదోస్టేషన్ గారు చెప్పిన విల్లు వంపు అదే. కుడి మూల దగ్గర జారుతోందా, పాదాలు చూసుకోండి. నెమ్మదిగా 30 సార్లు చేయండి, చెయ్యి వణకడం మొదలైతే ఆపేయండి. అలసిన చేత్తో చేసే మౌంట్ తప్పు మౌంట్, దాన్నే ఒళ్లు గుర్తుపెట్టుకుంటుంది.

రేంజ్‌లో పూర్తి రౌండ్ల కన్నా ఒక కోణం కట్టి వేయించుకోవడం మేలు, రేంజ్ వాళ్లు ఒప్పుకుంటే. 5వ స్టేషన్‌లో కుడివైపుకు విసిరే యంత్రం ఒక్కటే, పది క్లేలు. తర్వాత అదే స్టేషన్‌లో మూడూ కలిపి పది. మొదటి పది బాగా పగిలి, కలిపినప్పుడు పోతే లోపం పాదాల్లో లేదు, క్లేని చూడటంలో ఉంది. ఒకే కోణం మీదే రోజులు గడపకండి, అది ఊహించి కొట్టడం అలవాటు చేస్తుంది.

నోట్‌బుక్‌లో స్కోరు రాయడం సరిపోదు. స్టేషన్, క్లే దిశ, మొదటి బారెలా రెండోదా, ఎలా పగిలింది అని రాయండి. పొడి, ముక్కలు, అంచు చెక్కు అని మూడు మాటలు చాలు. 25కి 19 వచ్చి అందులో ఎనిమిది అంచు చెక్కులుంటే, 17 వచ్చి అన్నీ పొడి అయినదాని కన్నా అది బలహీనమైన రౌండ్. కోచ్‌కి ఈ పేజీ చూపిస్తే పావుగంట ఆదా.

ఐదోస్టేషన్:

వీడియో గురించి ఒక మాట. అందరూ వెనక నుంచి ఆకాశాన్ని తీస్తారు, దాంట్లో ఏమీ దొరకదు. ఫోన్‌ని స్టాండ్‌కి బిగించి, మీకు కుడివైపు, షూటింగ్ గీతకి వెనకే ఉండేలా, కోంబ్ ఎత్తులో, రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టండి. ఫ్రేమ్‌లో మీ ముఖం, స్టాక్, భుజం తప్ప ఇంకేం అక్కర్లేదు. స్లో మోషన్ 120 ఫ్రేములు గానీ 240 గానీ. చెంప కోంబ్‌ని నొక్కినచోట చర్మం మడతపడుతుంది చూడండి, ఆ మడత షాట్ పేలేదాకా అలాగే ఉండాలి. పేలడానికి ముందే మడత విప్పుకుంటే తల లేస్తున్నట్టు. పేలాక తన్నుతో విప్పుకోవడం మామూలే, రెండింటినీ కలపకండి.

కోచ్ ఏదైనా మార్చాక కొన్ని వారాలు స్కోరు పడుతుంది, అది సహజం. మ్యాచ్ ఉందంటే దానికి ముందు నెల రోజుల్లో కొత్త మార్పు ఏదీ ఒప్పుకోకండి, కోచ్‌కి మ్యాచ్ తేదీ మొదటి క్లాసులోనే చెప్పేయండి.

ప్లేట్‌దగ్గర:

స్టాక్ విషయంలో ఐదోస్టేషన్ గారి మాట కొంతవరకు ఒప్పుకుంటాను, కోయడం మాత్రం ఆపండి. కానీ కన్ను పరీక్ష, ప్లేట్ మీద ఆరు షాట్లు మొదటి క్లాసు కంటే ముందే చేయండి. ప్లేట్‌ని ఫోటో తీసి తేదీ, చోక్, లోడ్ రాసి పెట్టుకోండి. రెండు క్లాసుల తర్వాత అదే చోక్, అదే లోడ్‌తో మళ్లీ కొట్టండి. మౌంట్ కుదిరిందంటే గుత్తులు దగ్గర దగ్గరగా పడతాయి, అప్పుడు నడిమి ఎక్కడుందో చూసి ఫిట్టర్ దగ్గరికి వెళ్లండి.